తలుపు పైకి లేచిన కథ

మన ఊళ్లలో నాలుగు వీధులు కలియుచోట ఒక బడ్డీకొట్టు ఉండును. తెల్లవారగానే కొట్టువాడు వచ్చి, ముందరి రేకు తలుపును రెండు చేతులతో పైకెత్తి, దాని క్రింద ఒక కర్రను ఊతగా నిలుపును. అంతవఱకు తలుపుగా నున్న రేకు ఆ క్షణముననే పందిరి యగును. సరకుమీద ఎండ పడదు, వాన పడదు. కొనవచ్చినవాడు నీడను నిలుచును. రాత్రివేళ కాపలాగను, పగటివేళ గొడుగుగను ఒకే రేకు పనిచేయుచున్నది. ఇంతకంటె పొదుపైన తలుపు మఱియొకటి లేదని చూచినవారికి తోచును.

వ్యాను గలవారిలో కొందఱికి ఇట్టి తలుపుమీదనే మనసు పోవుచున్నది. వ్యాను ప్రక్కనుండు జరుగు తలుపును తీసివేసి, దాని స్థానమున పక్షి రెక్కవలె పైకి లేచు తలుపును అమర్చుకొనినచో, దాని నీడను ఫలహారములు అమ్ముకొనవచ్చును, పుస్తకములు పఱచుకొనవచ్చును, ప్రయాణమున మజిలీ చేసి వంట చేసికొనవచ్చును. ఈ కోరిక సహజమైనదే. కాని బడ్డీకొట్టు కదలదు, వ్యాను కదలును. ఈ చిన్న భేదము ఎంత దూరము పోవునో తెలిసికొనుటకు మోటారు వాహనముల తలుపుల చరిత్రను కొంత తిరుగవేయవలసియున్నది. ఆ చరిత్రనే ఈ ప్రసంగమునందు శ్రోతలకు విన్నవించుచున్నాము.

మొట్టమొదటి మోటారు బండ్లు గుఱ్ఱపు బండ్ల పోలికనే పుట్టినవి. వానికి తలుపులున్నచో అవియును గుఱ్ఱపు బండ్ల తలుపులే: ప్రక్కన మడతబందులు, వెలుపలికి తెరచుకొను రెక్క. మనుష్యులు ఎక్కి దిగుటకు ఇది చాలును. సరకులు ఎక్కించు బండికి మాత్రము ఇది ఇబ్బంది కలిగించెను. ఇఱుకు వీధిలో గోడ ప్రక్కను బండి నిలిపినచో రెక్క సగమైనను తెరచుకొనదు. తెరచిన రెక్క త్రోవను పోవువారికి అడ్డము. ఈ చిక్కునకు విఱుగుడుగా వచ్చినదే జరుగు తలుపు. ఫ్రాన్సు దేశమున 1947లో వెలువడిన సిట్రోయెన్ ‘హెచ్’ వ్యానుకు ప్రక్కన జరుగు తలుపు ఉండెను. జర్మనీలో 1950లో తయారు కాసాగిన ఫోక్స్‌వాగెన్ వ్యానుకు మొదట ప్రక్కను మడతబందులమీద తెరచుకొను జంట తలుపులే ఉండెడివి. 1963లో జరుగు తలుపును కోరినవారికి అమర్చి ఇచ్చిరి. 1967లో వచ్చిన రెండవ తరపు వ్యానునందు అది మామూలు తలుపే అయ్యెను. అప్పటినుండి వ్యాను అనగానే జరుగు తలుపు కన్నుల యెదుట నిలుచుచున్నది.

ఈ జరుగు తలుపు నిర్మాణమును శ్రద్ధగా గమనింపవలెను. సాధారణముగా పైన ఒక పట్టా, క్రింద ఒక పట్టా, వెనుక ప్రక్కరేకు నడుమ ఒక పట్టా, ఈ మూడింటిమీద చిన్న చక్రములతో అది నడచును. తలుపు బరువులో అధికభాగము క్రిందికి, అనగా బండి అడుగు చట్రమునకు చేరును. కప్పుమీద పడు భారము బహు స్వల్పము. అందుచేత వ్యాను కప్పును పలుచని రేకుతో, అడ్డముగా కొన్ని వంపుకమ్ములతో తేలికగా కట్టిరి. ఆ కప్పు వానను ఆపుటకును, పెట్టె ఆకారమును నిలుపుటకును తగినది. తలుపును మోయుటకు ఉద్దేశింపబడినది కాదు. ఈ మాటను జ్ఞాపకముంచుకొని ముందుకు పోవుదము.

తలుపును కప్పునుండి వ్రేలాడదీయవలెనను ఆలోచన ఫ్రాన్సునందు ఎట్టోర్ బుగాటి కుమారుడైన జాన్ బుగాటికి కలిగెను. 64వ నమూనా అను కారునకు అతడు 1939లో అట్టి తలుపులను ఊహించెను. ఆ సంవత్సరము ఆగస్టు నెలలో ఒక కారును పరీక్షించుచు అతడు ప్రమాదమున మరణించెను. మఱికొన్ని దినములకే యుద్ధము వచ్చెను. ఊహ చిత్రమునందే నిలిచిపోయినది. మిగిలియున్న ఒక చట్రమునకు అమెరికాలోని ఒక సంగ్రాహకుడు ఆ తలుపులతో పైభాగమును కట్టించి 2012లో ప్రదర్శించుటచేత, డెబ్బదియేండ్లు దాటిన తరువాత ఆ రెక్కలు లోకమునకు కనబడినవి.

రెక్క తలుపులు నిజముగా రోడ్డెక్కినది 1952లో. యుద్ధానంతరము మెర్సిడెస్ బెంజి సంస్థ మరల కార్ల పందెములలో దిగదలచెను. డబ్బు తక్కువ, క్రొత్త ఇంజను చేయుటకు వీలు లేకపోయెను. ఉన్నది ఒక పెద్ద కారుకు వాడు మూడు లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజను. అది బరువైనది, మిక్కిలి శక్తిమంతమును కాదు. అందుచే రుడోల్ఫ్ ఊలెన్‌హౌట్ అను ఇంజనీరు తక్కిన భాగముల బరువును తగ్గించు మార్గము వెదకెను. సన్నని ఉక్కు గొట్టములను త్రికోణములుగా అతికి ఒక పంజరమువంటి చట్రమును నిర్మించెను. త్రికోణమునందు ఏ గొట్టమును వంగదు. లాగుడునో నొక్కుడునో మాత్రమే సహించును. అందువలన ఆ చట్రమంతయు సుమారు 50 కిలోలే తూగెను. ఇద్దఱు మనుష్యులు తేలికగా ఎత్తగల బరువు.

కాని త్రికోణములకు ఎత్తు కావలెను. చట్రము గట్టిగా నుండుటకు, మనుష్యులు కూర్చుండు నడిమిభాగమున ఇరుప్రక్కల గొట్టములు మోచేతి ఎత్తువఱకు లేచెను. మామూలు తలుపు ఉండవలసిన చోటనే చట్రము నిలిచెను. దానిని కోసినచో బలము పోవును. కోయనిచో మనుష్యుడు లోనికి పోలేడు. ఇక మిగిలిన మార్గము పైననే. కిటికీ అంచు మొదలు కప్పు నడుమవఱకు ఒక మూతవలె కోసి, కప్పు మధ్యను మడతబందులు పెట్టిరి. రెండు తలుపులు తెరచినపుడు కారు ఎగురబోవు పక్షివలె కనబడెను. అమెరికావారు దానిని సముద్రతీరమున తిరుగు గల్ పక్షితో పోల్చి ‘గల్‌వింగ్’ అనిరి. ఫ్రెంచివారికి అది సీతాకోకచిలుకగా తోచెను. చూచినవారు ఏ పేరు పెట్టినను, కట్టినవారు అందముకొఱకు దానిని కట్టలేదు. గడప ఎత్తుగా నుండుటచే తలుపు మీదికి పోయినది, అంతే.

1952 మే నెలలో ఇటలీలోని మిల్లె మిలియా పందెమునకు ఈ కారు వచ్చినపుడు పరిశీలకులు సందేహించిరి: ఇది తలుపా, కిటికీయా? తలుపు ప్రక్కకే తెరచుకొనవలెనని నిబంధనలలో ఎక్కడ ఉన్నదని జట్టు అధిపతి ఆల్ఫ్రెడ్ నాయ్‌బావర్ ప్రతివాదించెనని చెప్పుదురు. కారు పందెమున పాల్గొనెను. కార్ల్ క్లింగ్ రెండవవాడుగను, రుడోల్ఫ్ కరచ్చియోలా నాలుగవవాడుగను వచ్చిరి. అయినను ఆ సందేహములో న్యాయము లేకపోలేదు. ప్రమాదము జరిగినపుడు మోచేతి ఎత్తు గోడను దాటి మనుష్యుడు వెలికి రాగలడా అనునదే అందలి అసలు ప్రశ్న. జూను నెలలో లెమాన్‌నందు ఇరువదినాలుగు గంటల పందెమునకు వచ్చుసరికి తలుపును కారు ప్రక్కలోనికి మఱికొంత క్రిందికి దింపి కోసిరి. ఆ పందెమున హెర్మన్ లాంగ్, ఫ్రిట్జ్ రీస్ నడపిన కారు ప్రథమముగా వచ్చెను. ఆ జట్టుదే మఱియొక కారు ద్వితీయముగా వచ్చెను. కొద్ది వారముల వ్యవధిలో ఒక తలుపు రూపము మారిన విధమిది. అయినను గొట్టముల పంజరమును ముట్టలేదు. దాని త్రికోణముల మధ్య చోటు ఉన్నంతమేరకే తలుపును దింపిరి.

అమెరికాలో ఆ కార్లను దిగుమతి చేయు మాక్స్ హాఫ్‌మన్ అను వర్తకుని ప్రోద్బలముచే అట్టి కారును జనులకు అమ్మ నిశ్చయించి, 1954 ఫిబ్రవరిలో న్యూయార్కు ప్రదర్శనమున చూపిరి. అదియే పేరుపొందిన 300 ఎస్.ఎల్. 1957వఱకు 1400 కార్లు తయారైనవి. ధనవంతులు, నటులు దానిని కొని మురిసిరి. కాని సొగసుతోపాటు కష్టములును ఇంటికి వచ్చినవి. వెడల్పైన గడపమీద ముందుగా కూర్చుండి, కాళ్లు లోనికి త్రిప్పవలెను. అందుకు వీలుగా స్టీరింగు చక్రమునే మడచునట్లు ఏర్పాటు చేసిరి. వంపు తలుపులోనికి కిటికీ అద్దము దిగుటకు చోటు లేదు. దానిని ఊడదీసి దాచుకొనవలెను. వేసవిలో లోపల ఉడికిపోవలసినదే. కారు తలక్రిందులైనచో రెండు తలుపులును నేలకు ఆని తెరచుకొనవన్న భయము సరేసరి.

1957లో అదే కారును కప్పు లేని రూపమున తయారుచేయ సంకల్పించిరి. కప్పు లేకపోగానే మడతబందులకు చోటు పోయినది. మామూలు తలుపు తప్పనిసరి యైనది. అపుడేమి చేసిరి? తలుపును మాత్రము మార్చి ఊరకుండలేదు. ప్రక్కల గొట్టములను క్రిందికి దింపి, పోయిన బలమును నింపుటకు వేఱుచోట్ల ఊతగొట్టములను అతికి, చట్రమునే తిరుగ కట్టిరి. ఈ కథయందు మాకు మిక్కిలి విలువగా తోచు ఘట్టమిదియే. రెక్క తలుపును రోడ్డెక్కించినవారే దానిని మామూలు తలుపుగా మార్చుటకు చట్రమును మార్చవలసివచ్చెను. బండి తలుపు గోడకు తగిలించిన పటము వంటిది కాదు. తలుపును, చట్రమును వేఱుచేసి ఆలోచింప వీలులేదు.

తరువాతివారు ఆ తలుపును ముఖ్యముగా దాని అందముకొఱకు తెచ్చుకొనిరి. వారి అనుభవములు నేర్పిన పాఠములు మూడు.

మొదటిది బరువు. 1974లో మాల్కమ్ బ్రిక్లిన్ అను అమెరికా వ్యాపారి కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రమున ఒక కారును తయారు చేయించెను. భద్రతకు పేరుపడవలెనని ‘సేఫ్టీ వెహికిల్’ అను అర్థము వచ్చునట్లు దానికి పేరు పెట్టెను. దాని రెక్క తలుపులు బరువైనవి. చమురు ఒత్తిడితో పనిచేయు పంపుచే అవి లేచును, దిగును. పంపుకు బ్యాటరీయే ఆధారము. బ్యాటరీ నీరసించినచో తలుపు మెల్లగా లేచును, ఒక్కొక్కపుడు లేవనే లేవదు. 1975లో ఆ సంస్థ మూతపడునప్పటికి తయారైన కార్లు మూడువేలకు లోపే. భద్రతకొఱకు పుట్టిన కారులో, వెలికి వచ్చు మార్గము ఒక బ్యాటరీ చేతిలో పడినది.

రెండవది తూకము. 1981, 1982 సంవత్సరములలో ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్టు దగ్గఱ తయారైన డెలోరియన్ కారు ఆ చిక్కునకు చక్కని పరిష్కారము చూపెను. తలుపు బరువును మోయుటకు ఉక్కుతో చేసిన మెలిదండమును వాడిరి. దానిని ద్రవరూప నైట్రోజనులో మిక్కిలి చల్లబఱచి మెలిపెట్టిరి; విమానములు నిర్మించు గ్రమ్మన్ సంస్థ ఈ పనిని నిర్వహించెను. మెలిపడిన ఉక్కు తిరిగి విప్పుకొన చూచు బలమే తలుపును పైకి లేపును. బ్యాటరీతో నిమిత్తము లేదు. ఆ దండములు కూర్చుండుటకు కప్పు నడుమ దృఢమైన ఉక్కు దూలమును ముందే కట్టిరి. 1985లో వచ్చిన ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ చలనచిత్రమువలన ఈ కారు లోకమంతట తెలిసినది. తెరమీద రెక్క లేచుట చూచినవారికి, కప్పులో దాగిన ఆ దూలము కనబడదు.

మూడవది వెలికివచ్చు దారి. మెర్సిడెస్ సంస్థ 2010లో ఎస్.ఎల్.ఎస్. అను కారుతో మరల రెక్క తలుపులను అమ్మకమునకు తెచ్చెను. కారు తలక్రిందులైనచో చిన్న ప్రేలుడు మందుతో మడతబందుల మరలు తెగి, తలుపులు ఊడివచ్చునట్లు ఏర్పాటు చేసిరి. 1952లో ఇటలీ పరిశీలకులు పడిన సందేహమునకు ఇది సుమారు ఆఱు దశాబ్దముల తరువాత లభించిన సమాధానము. 2015లో వచ్చిన టెస్లా మోడల్ ఎక్స్ కారు వెనుక తలుపులకు రెండేసి మడతబందులు పెట్టి, ప్రక్కను చోటు తక్కువయైనను తలుపు ముడుచుకొని లేచునట్లు చేసిరి. అడ్డమున్న వస్తువులను పసిగట్టు పరికరములను కూడ అమర్చిరి.

ఇక వ్యాను దగ్గఱకు వత్తము. జపానులో సరకు లారీలకు ప్రక్కగోడ అంతయు రెక్కవలె లేచు పెట్టెలు సర్వసాధారణము. వ్యానుకు మాత్రము ఏల కూడదని అడుగువారు కలరు. ఆ లారీల పెట్టె నడినెత్తిన దూలమును, ముందు వెనుకల దృఢమైన చట్రములను రెక్కకొఱకే నిర్మింతురు. వ్యానునందు అది లేదు. అందుచే జరుగు తలుపును తీసి రెక్కగా మార్చువాడు మొదట రెండు దారులలో ఒకటి ఎన్నుకొనవలెను.

మొదటి దారి, కప్పును కోయక, కప్పు అంచుననే మడతబందులు పెట్టుట. తలుపు ఎత్తు 1.25 మీటర్లు అనుకొందము. అది పైకి లేచుచు నేలకు సమాంతరమైనపుడు ప్రక్కకు నిండుగా 1.25 మీటర్లు చాచుకొనును. ఇఱుకు వీధికొఱకు పుట్టిన జరుగు తలుపు స్థానమున, వీధిలోనివాని ముఖమునకు తగులు తలుపు వచ్చినదన్నమాట. రెండవ దారి, కప్పును కోసి మడతబందులను లోపలికి జరుపుట. అర మీటరు లోపలికి జరిపినచో ఆ చాపు సుమారు 85 సెంటీమీటర్లకు తగ్గును. కాని అర మీటరు కప్పును కోయుటయనగా, పెట్టెను నిలుపుచున్న వంపుకమ్ములను కోయుట. వాని స్థానమున కొత్త దూలము పెట్టనిచో, బండి దొర్లినపుడు కప్పు అణగిపోవును. ఒక దారిలో వీధినుండి చోటు పుచ్చుకొనుచున్నాము, రెండవదానిలో కప్పునుండి బలము పుచ్చుకొనుచున్నాము. ఊరకే వచ్చునది ఏదియు లేదు.

తరువాత బరువు లెక్క. తలుపు 40 కిలోలు అనుకొందము. దాని బరువు కేంద్రము మడతబందునకు 60 సెంటీమీటర్ల దూరమున ఉన్నది. తలుపు అడ్డముగా చాచుకొన్నపుడు, మడతబందునకు 20 సెంటీమీటర్ల దూరమున ఊతదండమును నిలిపినచో, ఆ దండము నిటారుగా పనిచేసినను 120 కిలోల బలముతో మోయవలెను. ఏటవాలుగా నున్నచో ఇంకను ఎక్కువ. మడతబందుల దగ్గఱ కప్పు అంచుకు కూడ దానికి తగిన గుంజు తగులును. వాయువు నింపిన దండములు చలిలో బలము తగ్గును, ఏండ్లు గడచినకొలది వాయువు కోలుపోవును. ఒకనాడు తలుపు ఎవరి నెత్తిననో దిగును. కావున తెరచిన తలుపు క్రింద నిలుచువారున్నచో, దండములకు తోడు ఒక ఇనుప కమ్మిని అడ్డుగా నిలుపుట వివేకము. బడ్డీకొట్టువాని కర్ర ఇక్కడ మరల జ్ఞాపకమునకు వచ్చుచున్నది!

వాన సంగతి మఱువరాదు. జరుగు తలుపునకు పైన కప్పు అంచు చూరువలె పనిచేయును. కప్పును కోసినచోట ఆ చూరు తెగును. నీరు మడతబందుల సందులోనికే పాఱును. రబ్బరు పట్టీ ఒక్కటి చాలదు. దాని క్రింద కాలువ తీసి, నీటిని ప్రక్కలకు పంపవలెను. అన్నిటికంటె ముఖ్యము, బండి ప్రక్కకు పడినచో లోనివారు వెలికి వచ్చుటకు వెనుకనుండియో ఎదుటినుండియో వేఱొక దారి తప్పక ఉండవలెను. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, నిర్మాత నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిరోధించుచున్నది. కావున రంపము పట్టుటకు ముందే రవాణా శాఖవారిని అడుగుట మంచిది. ఇది వట్టి కాగితముల తంటా యని విసుగుకొనువారు, 1952నాటి ఆ పరిశీలకులను ఒకమాఱు తలచుకొనవలెను. వారు అడిగిన ప్రశ్న విసుగుపుట్టించునదే. కాని తలుపు క్రిందికి దిగి బాగుపడినది ఆ ప్రశ్న తరువాతనే.

ఇంత చెప్పుట, ఎవరును ఈ పని చేయరాదని కాదు. చేతనైన కమ్మరి, లెక్క తెలిసిన ఇంజనీరు కలిసినచో వ్యానుకు రెక్క మొలచును. దాని నీడను నలుగురు కూర్చుండి తినవచ్చును. కాని ఆ రెక్క మొదట లేచినది ఎగురుటకు కాదు. పంజరములో చిక్కిన మనుష్యునికి దారి యిచ్చుటకు. దానిని తెచ్చి మన బండికి తగిలించుకొనునపుడు ఆ మొదటి పనిని మఱువకుందుము గాక. తలుపు ఎంత అందముగా లేచెనని లోకము చూచును. లోపల కూర్చున్నవాడు మాత్రము, అవసరమైనవేళ అది తెరచుకొనునా అని చూచును.